లెక్కకు రాని నెల

మా పాత ఇంటి దేవుడి గది, దేవునర్ర, కూలగొట్టారన్న కబురు నాకు మొదట తెచ్చింది సుగుణ. మా చిన్నతాత మునిమనుమరాలు. మన్నెగూడ దగ్గర ఇల్లు కట్టుకుని ఉంటుంది. వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, సంచిలోంచి పాత గుడ్డలో చుట్టిన పుస్తకం ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టింది. "అత్తమ్మా, గోడల గూడు పగలగొడ్తే దొరికింది. పారేద్దామన్నరు. గీ అక్షరాలు నువ్వే చదువుతవని పట్కొచ్చిన" అంది. నేను పుస్తకం వైపు చూడకుండా, "మరి స్వామి ఎక్కడున్నడే?" అని అడిగాను. సుగుణ కాస్త తలవంచుకుంది. "మా అన్నేమో మీవోళ్ళను పెట్టుకోమంటున్నడు. మీవోళ్ళేమో మమ్ముల పెట్టుకోమంటున్నరు. ఇద్దరిండ్లల్ల జాగ లేదంట. ఇప్పుడైతే మేస్త్రీ షెడ్డుల ఉన్నడు, సిమెంటు బస్తాల పక్కకు" అంది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వొచ్చింది. పిల్ల భయపడి నా చెయ్యి పట్టుకుంది. ఆ స్వామి నాకు కావాలంటే నాకు కావాలని మా తాత, ఆమె ముత్తాత నవాబు గారి పట్నం దాకా పోయి కొట్లాడారని, ఆ కొట్లాట ఎలా తేలిందో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలానని ఆ పిల్లకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పను? అందుకే రాస్తున్నాను. రాయగలిగే చెయ్యి, చదవగలిగే కన్ను ఇచ్చినవారికి ముందుగా నమస్కారం.

ఇబ్రహీంపట్నంలో మాది ఒకప్పుడు ఒకే పెద్ద ఇల్లు. నాకు బుద్ధి తెలిసేనాటికే అది రెండిళ్ళయింది. మా తాత బాలకిష్టారెడ్డి, ఆయన తమ్ముడు మా చిన్నతాత, పొలాలు పంచుకున్నారు, బావిలో నీళ్ళ వంతులు పంచుకున్నారు, గాదెలు, గంగాళాలు, ఆఖరికి ఆముదం కాచే పెద్ద బాన కూడా పగలకుండా ఎలా పంచాలో ఆలోచించి ఏడాదికొకరు వాడుకునేట్టు పంచుకున్నారు. పంపకం ఎంత న్యాయంగా జరిగిందంటే, బండి మా తాతకు వచ్చింది, ఎడ్లు చిన్నతాతకు వెళ్ళాయి. పెద్దమనుషులు కూర్చుని, రెండు పక్కలా సమానంగా తూగిందని సంతోషించి, భోజనం చేసి పోయారట. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరు ఎటు కదలాలన్నా రెండోవారిని అడగక తప్పలేదు. ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాక కూడా అడగక తప్పలేదు. బండి తోలే మైసయ్య ఇద్దరికీ ఉమ్మడి. ఇతని మాట అతనికి, అతని మాట ఇతనికి మోసేవాడు కూడా మైసయ్యే.

పంచడానికి వీలుకానివి రెండు మిగిలాయి. ఒకటి దేవునర్ర. రెండు ఇళ్ళకూ నడుమ ఉన్న చిన్న గది. ఇటువైపు ఒక తలుపు, అటువైపు ఒక తలుపు. లోపల నరసింహస్వామి, ఎంత తోమినా మూలల్లో నలుపు వదలని ఇత్తడి ప్రభ, ఆముదం దీపం. ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కున ఉంది: ఆముదపు మసి, తడి తులసి, సాంబ్రాణి, వాటి కింద ఎక్కడో పాత కాగితపు వాసన. రెండోది, ఆ గదిలోనే ఉండే మా నాంచారవ్వ. మా తాతలిద్దరికీ అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చి, ఈ తమ్ముళ్ళిద్దరినీ చంకనేసుకుని పెంచింది. తమ్ముళ్ళు వేరుపడ్డప్పుడు ఆమెను ఏ లెక్కన ఎవరికి వెయ్యాలో పెద్దమనుషులకు తోచలేదు. చివరకు వంతు పెట్టారు. ఒక నెల మా ఇంట్లో అన్నం, ఒక నెల చిన్నతాత ఇంట్లో. అమావాస్య దాటిన మర్నాడు ఆమె కంచం ఒక తలుపు నుంచి లోపలికి వచ్చి ఇంకో తలుపు నుంచి బయటికి పోయేది. పడక మాత్రం ఎప్పుడూ దేవునర్రలోనే, స్వామికి ఎడమ పక్కన, గోడవారగా చాప మీద.

నా చదువంతా ఆ చాప మీదే. బడికి పంపే రోజులు కావు. ఆడపిల్లకు అసలే కావు. అవ్వ వాళ్ళ నాయన సర్కారు కాగితాలు చూసేవాడట. పక్కన కూర్చున్న కూతురికి విసుగు పోవడానికి అక్షరాలు నేర్పాడట. ఆ అక్షరాలే అవ్వ నాకు ముగ్గుపిండిలో వేలు పెట్టి దిద్దించింది. ఇంట్లో ఉన్న పుస్తకం ఒక్కటే, పంచాంగం. కాబట్టి ఇతర పిల్లలు అమ్మ, ఆవు అని నేర్చుకునే వయసులో నేను తిథి, వారం, నక్షత్రం అని కూడబలుక్కున్నాను. పొద్దున్నే బావి దగ్గర తలస్నానం చేసి, తడి వెంట్రుకలు ముడేసుకుని, అవ్వ గది నడుమ నిలబడి ఆనాటి తిథి గట్టిగా చదివేది. ఇటు గడపలో మా తాత, అటు గడపలో చిన్నతాత, ఒకరినొకరు చూడకుండా చేతులు కట్టుకుని వినేవారు. ఆ గొంతు వినందే ఇద్దరూ పొలానికి పోయేవారు కాదు.

దావా ఎందుకు వచ్చిందంటే, గంట వల్ల వచ్చింది. చిన్నతాత ఎక్కడి నుంచో ఇత్తడి గంట ఒకటి తెచ్చి తన తలుపు పైన కట్టాడు. తెల్లవారి ఆయన ముందు లేచి గంట కొడితే, స్వామి తమ్ముడి చేతుల మీదుగా మేల్కొన్నట్టవుతుందని మా తాతకు అనుమానం వచ్చింది. పెద్దవాణ్ణి నేనుండగా స్వామిని ముందు లేపడానికి వాడెవడు? దేవుడు పెద్దవాడి వంతు, ఆ అర్ర నాది, వాని తలుపు గోడ కట్టి మూయించండి అని దావా వేశాడు. మున్సిఫు గారు స్వయంగా చూడడానికి వచ్చారు. నల్ల షేర్వానీ వేసుకున్న తురక పెద్దమనిషి. ఎవరూ చెప్పకముందే చెప్పులు వాకిట్లో విప్పి, గడప అవతలే నిలబడ్డారు. అవ్వ తలుపు చాటు నుంచి మజ్జిగ చెంబు అందించింది. ఆయన తాగి, "అమ్మా, నువ్వు ఏ దర్వాజలకెల్లి వస్తవు?" అని అడిగారు. "ఒక నెల ఇటుకెల్లి, ఒక నెల అటుకెల్లి సాబ్" అంది అవ్వ. ఆ ఒక్క మాట మీదే ఆయన తీర్పు రాశారు. అర్ర ఇద్దరిదీ, రెండు తలుపులూ తెరిచే ఉండాలి, ఈ అమ్మ బతికి ఉన్నన్నాళ్ళు ఇందులోనే ఉంటుంది. అంత సులువైన తీర్పు మా వంశంలో ఎవరికి నచ్చుతుంది? మా తాత పట్నంలో అప్పీలు చేశాడు.

అప్పీలు గెలిస్తే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. అటు తలుపు పోతుంది. వంతులు పోతాయి. తమ వైపు గడపే లేనప్పుడు చిన్నతాత వాళ్ళు అవ్వకు అన్నం పెట్టనక్కర్లేదు. మా నాయినమ్మ అప్పుడే ఏర్పాట్లు చేసిపెట్టింది: అర్రకు తాళం, తాళంచెవి తన బొడ్లో, అవ్వ చాప గొడ్ల కొట్టం పక్కన, పల్లీల బస్తాలు పెట్టే చోట. "ముసల్దానికి అర్రెందుకు, దీపం ముట్టియ్యను నేను లేనా" అనేది. నా చదువు సంగతి కూడా తేలిపోయింది. "పంచాంగం చదివే పిల్లను ఎవడు చేస్కుంటడు? ముహూర్తం బాగలేదని పెండ్లి పీటల మీదకెల్లి లేచొస్తది" అనేది. అందుకని నేను రోజూ స్వామికి దణ్ణం పెట్టుకుని, మా తాత ఓడిపోవాలని మొక్కుకునేదాన్ని. వెంటనే లెంపలు వేసుకునేదాన్ని. మళ్ళీ మొక్కుకునేదాన్ని.

పేషీలు, అంటే కోర్టు వాయిదాలు, ఏళ్ళ తరబడి నడిచాయి. పేషీకి పోవాలంటే బండి మా తాతది, ఎడ్లు చిన్నతాతవి. కాబట్టి అప్పీలు చేసినవాడూ, ఎవరి మీద చేశాడో వాడూ ఒకే బండిలో పోయేవారు. ఒకరు ముందుకు చూస్తూ, ఒకరు వెనక్కు చూస్తూ, వీపులు ఆనించుకుని. "మైసయ్యా, బండి జర ఆపమను, కాళ్ళు గుంజుతున్నయి" అని ఒకరు. "మైసయ్యా, ఇంక జరసేపు ఓర్సుకోమను, నీడ రాని" అని ఇంకొకరు. మా ఇంటి నుంచి జొన్నరొట్టెలు, వాళ్ళ ఇంటి నుంచి గోంగూర తొక్కు వెళ్ళేవి. రొట్టె ఒట్టిగా తినలేరు, తొక్కు ఒట్టిగా నాకలేరు. రెండింటినీ పంచి ఇద్దరి ముందూ పెట్టే పని కూడా మైసయ్యదే. పట్నంలో దిగాక ఒకరు ఒక వకీలు దగ్గరికి, ఒకరు ఇంకో వకీలు దగ్గరికి పోయి, ఒకరి మీద ఒకరు చెప్పాల్సినవన్నీ చెప్పి, సాయంత్రం మళ్ళీ అదే బండెక్కేవారు.

ఒక ఏడాది ఉగాదినాడు అవ్వ పంచాంగం చదువుతూ, ఈసారి శ్రావణం ముందు అధిక శ్రావణం వస్తుందని చెప్పింది. వెంటనే ఇటు గడపలోంచి నాయినమ్మకు అనుమానం వచ్చింది. "అయితే ఆ నెల వదినె కంచం ఎవరింట్ల?" చైత్రం మాది, వైశాఖం వాళ్ళది, జ్యేష్ఠం మాది, ఆషాఢం వాళ్ళది, శ్రావణం మాది. మరి నడుమ ఊడిపడ్డ ఈ నెల? అటు గడపలోంచి చిన్ననాయినమ్మ, "మా వంతు ఆషాఢంతోని సరి" అంది. "మా వంతు అసలు శ్రావణంల మొదలు" అంది నాయినమ్మ. ఇద్దరు తాతలూ ఆలోచించారు. మా తాత స్వామి వైపు చూస్తూ, "మైసయ్యా, అధిక మాసం లెక్కల రాదని చెప్పు" అన్నాడు. చిన్నతాత గంట వైపు చూస్తూ, "మైసయ్యా, నాదీ అదే మాటని చెప్పు" అన్నాడు. నాలుగేళ్ళలో అన్నదమ్ములు ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు. అవ్వ పంచాంగం మూసి, కళ్ళకద్దుకుని, "మంచిది తమ్మీ" అంది. అంతే అంది.

వైశాఖం మొదట్లో మా తాత పట్నం నుంచి కొత్త పేషీ చీటీ తెచ్చాడు. షహ్రీవర్ నెల ఇరవయ్యో తారీఖు. సర్కారు నెలలు మా ఇంట్లో ఎవరికీ అంతుబట్టేవి కావు. పంచాంగంలో తిథుల పక్కన చిన్న అక్షరాల్లో ఆ తారీఖులు అచ్చేసి ఉండేవి; ఆ చిన్న అక్షరాలు చదివే కళ్ళు ఇంట్లో అవ్వవే. ప్రతి పేషీనీ ఆమే తిథిలోకి మార్చి చెప్పేది, ఇటు తమ్ముడికీ అటు తమ్ముడికీ ఒకేసారి, ఒకే గొంతుతో. ఆరోజు కూడా వేలితో వెతికి, ఆగి, ఇంకోసారి చూసి చెప్పింది: "ఈ నెల ఇడిస్తే మూడో నెల, శుద్ధ దశమి."

మా తాత వేళ్ళ కణుపులు ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. "జేష్ఠం ఒకటి. ఆషాఢం రెండు. అధికం లెక్కల రాదు. శ్రావణం మూడు. శ్రావణ శుద్ధ దశమి. మంచి తిథి." అటు గడపలో చిన్నతాత పెదవులు కూడా అలాగే కదిలి, అక్కడే ఆగాయి. నేను అవ్వ పక్కన పుస్తకంలోకి తొంగిచూస్తున్నాను. నాకు అప్పటికే అక్షరాలు వచ్చు. ఆమె వేలు ఉన్న చోట "అధిక" అని ఉంది. నేను నోరు తెరిచాను. అవ్వ ఆ తెరిచిన నోట్లో నైవేద్యం బెల్లం ముక్క ఒకటి పెట్టింది. పెద్ద ముక్క. అది కరిగేలోపు తాతలిద్దరూ చెప్పులేసుకుని పోయారు. తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు. తెలియక ఎత్తలేదని చెబితే అబద్ధమవుతుంది. బెల్లం చాలా బాగుంది. అవ్వ చాప మరీ బాగుండేది.

అధిక శ్రావణం వచ్చింది. అవ్వ కంచం ఏ తలుపు నుంచీ పోలేదు. ఆమె దేవునర్ర వెనక మూడు రాళ్ళు పెట్టుకుని, స్వామి ముందు పోసిన బియ్యం గుప్పెడు వండుకునేది. వాన పడితే పొయ్యి ఆరిపోయేది. ఆనాడు నానబెట్టిన పెసర్లు. నాయినమ్మ చెడ్డ మనిషి కాదు, ఆ మాట ఎవరూ అనొద్దు. పొగ చూసినప్పుడల్లా, "నేనేమన్న వద్దన్ననా? లెక్కల రాదన్నది మొగోళ్ళు" అని గట్టిగా అనుకుంటూ పోయేది. నేను లంగా అంచున బియ్యం మూటగట్టి తీసుకుపోయేదాన్ని. అటు గడప మీద కూడా ఎవరో చింతపండో, ఉప్పో, ఒకనాడు వెన్నముద్దో పెట్టి పోయేవారు. ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. వారికి నా దండం. "అందరు ఈ నెల లెక్కల రాదంటరు గని బిడ్డా, స్వామికి అన్నింటికన్న ఇష్టమైన నెల ఇదే. జపం చేసినా, పస్తున్నా పదింతలు" అనేది అవ్వ, తడి కట్టెలు ఊదుతూ. పస్తు ఎలాగూ ఉంది కాబట్టి పుణ్యం బాగానే వచ్చి ఉంటుంది.

ఆ నెల శుద్ధ దశమినాడు నేను పోయేసరికి గదంతా బెల్లం పాకం వాసన. అవ్వ పరమాన్నం వండింది. స్వామికి పెట్టి, ఆకులో వడ్డించి, నన్ను కూర్చోబెట్టింది. "ఇయ్యాల ఏం పండుగ అవ్వా?" అన్నాను. "పండుగ గాదు. ఒక పని అయిపోతున్న దినం" అంది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా మాటిమాటికీ బయటికి చూసింది. పట్నంలో మా తాత పేరు పిలిచే వేళ అది. ఆ వేళ మా తాత బావి దగ్గర మోట తాడు పేనుకుంటున్నాడు. చిన్నతాత అటు పక్కన ఎడ్లకు లాడం కొట్టిస్తున్నాడు. "నువ్వు తినవా అవ్వా?" అంటే, "నాకు ఉపాసం" అంది. రేపు ఏకాదశి కదా, ఇవ్వాళేం ఉపాసమని నాకు అనిపించింది. కానీ ఆకులో పరమాన్నం ఉన్న పిల్లకు అలాంటి అనుమానాలు ఎంతసేపు నిలుస్తాయి?

నెల తర్వాత, అందరూ ఒప్పుకునే శ్రావణంలో, తాతలిద్దరూ ఉతికిన ధోవతులు కట్టి, తలపాగాలు చుట్టి, స్వామికి ఎవరి తలుపు నుంచి వారు మొక్కి, బండెక్కి వీపులు ఆనించుకుని పోయారు. మూడోనాడు పొద్దుగూకేవేళ తిరిగొచ్చారు. ఎవరి ఇంట్లోకి వారు పోయారు. ఎడ్లను కట్టేసి వచ్చిన మైసయ్యను రెండిళ్ళ ఆడవాళ్ళూ దేవునర్ర వెనక పట్టుకున్నారు.

"నేను దర్వాజ కాడ్నే కూసున్న" అన్నాడు మైసయ్య, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ. "గుమాస్త కాగితాల బొత్తి తీసి చూసిండు, మల్ల చూసిండు. పటేల్ సాబ్, మీ అప్పీలు పోయిన నెలనే ఖారిజ్ అయింది, పిలిస్తే పలకలేదు, నడిపేటోళ్ళు లేరని కొట్టేసిన్రు అన్నడు. పెద్దపటేలు నవ్విండు. పోయిన నెలనా? పోయిన నెల లేనే లేదు గదా అన్నడు. లేకుంటే నేనీడ నెలంత ఏం చేసిన అన్నడు గుమాస్త."

"వకీలేమన్నడు?" అంది నాయినమ్మ.

"వకీలు సాబ్ మంచోడే. మీరు రాలేదు గన్క అప్పీలు ఒద్దనుకున్నరేమోనని నేను నిలవడలే, మల్ల దర్ఖాస్తు పెడ్దం పటేల్, ఇయ్యాల్టికైతే మియాద్, గడువు ఉన్నది, గని ఎందుకు రాలేదో రాయాలె అన్నడు. అధిక మాసం లెక్కల రాదనుకున్నం, గట్లనే రాయుండ్రి అన్నడు పెద్దపటేలు. సరే, అట్ల అనుకున్నట్టు సాక్ష్యం చెప్పను గవాయి ఎవరన్న ఉన్నరా, ఏ సంగతిల అనుకున్నరు, ఎన్నడనుకున్నరు, ప్రమాణం చేసి చెప్పాలె అన్నడు వకీలు." మైసయ్య ఆగి అవ్వ వైపు చూశాడు. అవ్వ వత్తులు చేస్తోంది. "చిన్నపటేలు వాళ్ళ వకీలు కాడికి పోలే. మా ఎనకనే వచ్చి నిలవడ్డడు. నన్ను చెప్పుమనలే తల్లీ, పెద్దపటేలు మొకం చూసే అన్నడు. అన్నా, నేను గవాయి. అడిగితే చెప్త. అక్కకు బువ్వ పెట్టాల్సొచ్చినప్పుడు ఆ నెల లెక్కల రాదన్నం, ఇప్పుడు మనకు పని వడ్డది గన్క లెక్కకొస్తదంటున్నం అని ఉన్నదున్నట్టు చెప్త. రాయమంటవా అన్నడు."

"మా ఆయన ఏమన్నడు?" అంది నాయినమ్మ, ఈసారి చిన్నగా.

"ఏమంటడు. తలపాగ ఇప్పి మల్ల చుట్టిండు. మైసయ్యా, బండి కట్టు అన్నడు." మైసయ్య లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు. "వచ్చేటప్పుడు ఇద్దరు మొకంమొకం చూస్కుంట కూసున్నరు తల్లీ. మాట్లాడలే అనుకో. గని రొట్టె తొక్కు నన్ను వడ్డియ్యమనలే."

ఆ రాత్రి దీపం ముందు మా తాత గడప ఇటే నిలబడి, "అక్కా, నేను లెక్కవెడ్తుంటె నువ్వన్న చెప్పొద్దా?" అన్నాడు. "మొగోళ్ళు చేసిన లెక్క నాయినా, నేనెట్ల తప్పంట?" అంది అవ్వ. అంతటితో అప్పీలు సంగతి మా ఇంట్లో ముగిసింది. మున్సిఫు గారి తీర్పే నిలిచింది. రెండు తలుపులూ నిలిచాయి. పల్లీల బస్తాల పక్కన పల్లీల బస్తాలే ఉన్నాయి. కొన్నాళ్ళకు తాతలిద్దరూ ఊళ్ళో ఈ కథను ఇంకోలా చెప్పడం మొదలుపెట్టారు. అన్నదమ్ములు విడిపోవడం ఇష్టం లేక స్వామే పేషీని దాటించాడట. చెప్పేటప్పుడు ఇద్దరి కళ్ళూ చెమర్చేవి. వినేవాళ్ళు దండం పెట్టేవాళ్ళు. స్వామి కూడా ఆ పేరు తనదేనని ఊరుకున్నాడు. మూడేళ్ళకు మళ్ళీ అధిక మాసం వచ్చింది. ఈసారి అవ్వ కంచం మా వంతంటే మా వంతని రెండిళ్ళూ పోట్లాడాయి. ఆమె ఆ నెలంతా రెండు పూటలు రెండు గడపల్లో తినాల్సి వచ్చింది. అజీర్తి చేసి, శొంఠి నమిలింది.

అవ్వ శుద్ధ దశమి ఉపవాసం మాత్రం మానలేదు. ప్రతి నెలా, ఆమె పోయేదాకా. ఏకాదశికి అందరూ ఉంటారు. ఈమెకు దశమినాడు కూడా ఎందుకని నాయినమ్మ అడిగితే, "వయసైంది, ఒకనాడు ముందే మొదలువెడ్త" అనేది. మేం నమ్మాం. భక్తి ఎక్కువ అనుకున్నాం.

సుగుణ వెళ్ళిపోయాక గుడ్డ విప్పి చూశాను. ఆ ఏడాది పంచాంగమే. కాగితం వేలు తగిలితే రాలిపోయేలా ఉంది. అధిక శ్రావణ శుద్ధ దశమి దగ్గర పసుపు చుక్క, ఇన్నేళ్ళయినా రంగు వదల్లేదు. దాని పక్కన ఆమె చేతిరాత, గుండ్రని, ఒద్దికైన అక్షరాలు: "అడగలేదు, చెప్పలేదు. తప్పు నాది స్వామీ." తర్వాతి నెల శుద్ధ దశమి దగ్గర ఇంకో చుక్క. ఆ తర్వాతి నెల ఇంకోటి. పుస్తకం అయిపోయేదాకా చుక్కలే. ఒక్క అబద్ధం కూడా ఆడని మనిషి, ఆడని అబద్ధానికి బతికినన్నాళ్ళు నెలకో పూట అన్నం మానుకుంది. అప్పీలు చేసిన తాత ఏ నాడూ పస్తుండలేదు. కంచం తిప్పి పంపిన నాయినమ్మా ఉండలేదు. ఇక నేను. ఆ మౌనంలో సగం నాది. బెల్లం ముక్క నాది, పరమాన్నం నాది, ఈ చదువు నాది. ఉపవాసం ఒక్కటే మొత్తం ఆమెది.

ఆ కాలం గొప్పదని, ఈ కాలం చెడ్డదని రాయాలని నాకేమీ లేదు. అప్పుడు దేవుడి కోసం కొట్లాడి మనిషి కంచాన్ని మరిచారు. ఇప్పుడు దేవుణ్ణీ మరిచి హాయిగా ఉన్నారు, కోర్టు ఖర్చు కూడా లేదు. మర్నాడు మా వాడిని పంపి మేస్త్రీ షెడ్డు నుంచి స్వామిని తెప్పించాను. మా వంటింటి పక్క అలమరలో, పప్పుడబ్బాల పైన, ఇప్పుడు ఆయన ఉన్నాడు. దావా వేస్తామని ఇంతవరకు ఎవరూ రాలేదు. పంచాంగం ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను.

చదివేవారిని ఒక్కటి అడుగుతాను. నేను తర్వాత చదివించుకున్న ఆ అప్పీలు కాగితాల్లో మా తాతల పేర్లున్నాయి, వకీళ్ళ పేర్లున్నాయి, ఆమెది మాత్రం "విధవ అక్క" అని ఉంది. ఆమె పేరు నాంచారమ్మ. మళ్ళీ అధిక మాసం వస్తుంది. మీ ఇంట్లో ఎవరో ఒకరు ఆ నెల లెక్కకు రాదని అంటారు. అన్నప్పుడు, ఆ పూట అన్నం ముందు కూర్చుని, ఒక్కసారి ఆమె పేరు తలచుకోండి.